12 అడుగుల కట్టింగ్‌కి గునైట్ గోడ కొట్టిస్తే ఆగుతదా?

పుప్పాలగూడ ప్లాటు
అన్నలూ జర చెప్పండి. పుప్పాలగూడల మాది 200 గజాల ప్లాటు, రోడ్డు కన్నా వెనక వైపు 12 అడుగులు ఎత్తు. జేసీబీ పెట్టి ఆ మట్టి తీయాలె, పైన 5 అడుగుల దాకా ఎర్ర మొరం, కింద మెత్త రాయి. దాని పైన్నే పక్కాయన రెండంతస్తుల ఇల్లు, హద్దుకి 6 అడుగుల దూరమే. కాంట్రాక్టర్ ఏమంటుండంటే ఆర్‌సీసీ గోడైతే సెంట్రింగ్‌కే బోలెడు పైసలు పోతయి, మట్టి మొత్తం ఒక్కసారి తీసేసి ఇనుప మెష్ కట్టి 4 అంగుళాల గునైట్ కొట్టేద్దాం, 3 రోజుల్ల అయిపోతది అని. వానలు దగ్గరకొచ్చినయి, ఆ ఇంట్ల ముసలోళ్లిద్దరే ఉంటరు, నాకు నిద్ర పడ్తలేదు.

సైట్ ఇంజనీర్
తమ్ముడూ మట్టి ఇంకా తీయకపోతే ఆపు. గునైట్ అన్నా షాట్‌క్రీట్ అన్నా కాంక్రీటే, గాలి ప్రెషర్‌తో కొడతారు అంతే. ఆ 4 అంగుళాల పొర మట్టిని ఆపదు, ఆపేది దాని వెనక మట్టిలోకి దిగే నెయిల్స్, అంటే పొడుగు ఇనుప చువ్వలు. 4, 5 అడుగులు తవ్వడం, కొంచెం కిందికి వాలుగా బోరు వేసి చువ్వ పెట్టి సిమెంట్ గ్రౌట్ పోయడం, మెష్ కట్టి కొట్టడం, అది గట్టిపడ్డాకే ఇంకో 4 అడుగులు దిగడం. పని పై నుంచి కిందికి రావాలి. మీ ఎత్తుకి ఒక్కో నెయిల్ 8, 9 అడుగులైనా ఉంటుంది, అంటే పక్కాయన ఇంటి కిందికే పోతుంది, ఆయన రాసివ్వకుండా వెయ్యలేవు. పైగా రేపు ఆయన సెల్లార్ తవ్వితే అవి తెగిపోతాయి. ఆయన ఒప్పుకోకపోతే కింద ఫుటింగ్ (పునాది) వేసి మామూలు ఆర్‌సీసీ గోడే డిజైన్ చేయించుకో, దాన్ని కూడా షాట్‌క్రీట్‌తో కొట్టొచ్చు, ఒకవైపు సెంట్రింగ్ ఖర్చు మిగులుతుంది. కానీ ఫుటింగ్‌కి తవ్వేటప్పుడు మట్టి ఎలా ఆపాలో కూడా డ్రాయింగ్‌లో ఉండాలి.

నాజిల్ పట్టినోణ్ణి
నేను 6 ఏండ్లు ఇదే పని చేసిన. గోడ బాగుండేది కొట్టేటోని చేతిల ఉంటది అన్నా. నాజిల్ గోడకి నిటారుగ, 3, 4 అడుగుల దూరంల పట్టాలె, కింది మూల నుంచి పైకి రావాలె. పక్కకి వంచి కొడితే చువ్వ ముందు నున్నగ కనవడ్తది, చువ్వ వెనక మాత్రం బొక్క ఉంటది, సుత్తితో కొడితే డొల్ల సప్పుడొస్తది. కింద రాలిన మాల్ డ్రై మిక్స్‌ల (పొడి మాల్‌కి నాజిల్ కాడ నీళ్లు కలిపే పద్ధతి) చానా ఉంటది, దాన్ని పారతో ఎత్తి మళ్ల మిషన్ల ఏస్తరు, అస్సలు ఒప్పుకోకు. ముందుగాల చువ్వలతోని ఒక చిన్న పలక కొట్టించి కోసి చూడు, లోపల తెలుస్తది.
ఇంకోటి, గోడ వెనక నీళ్లు బయటికి పోయే వీప్ హోల్ పైపుల మూతికి గోనె గుడ్డ కుక్కినంకనే కొట్టాలె, తర్వాత తీసెయ్యాలె. ఒక సైట్ల మేమే తొందర్ల మర్చిపోయినం, పైపులన్నీ పూడుకపోయినయి, మొదటి పెద్ద వానకే గోడ పొట్టొచ్చింది. రాత్రికి రాత్రి మట్టి బస్తాలు అడ్డం ఏసినం, ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోను.

పుప్పాలగూడ ప్లాటు
ఆ పైపుల గురించి అడిగితే కాంట్రాక్టర్ మొరంల నీళ్లు నిలవయి అంటుండు, నిజమేనా?

సైట్ ఇంజనీర్
కాదు. మొరంలోంచి దిగిన నీళ్లు కింద రాయి తగిలిన చోట ఆగి నీ గోడ వైపే వస్తాయి. లెక్క చూడు, 3 మీటర్ల (దాదాపు 10 అడుగుల) ఎత్తుకే మట్టి తోపు గోడ పొడవు మీటరుకి సుమారు 2.7 టన్నులు, అదే వెనక నీళ్లు నిండితే ఒక్క నీటి తోపే 4.5 టన్నులు. పక్కాయన ఇంటి బరువు ఇంకా కలపలేదు. అందుకే కొట్టే ముందే మట్టికి ఆనించి నీళ్లు కిందికి జారేలా డ్రైనేజ్ షీట్ పట్టీలు పెట్టి కింద పైపులకి కలపాలి. సంపు, బాత్రూమ్ నీళ్లు ఎటు పోతున్నాయో పక్కింటివాళ్లని కూడా అడుగు.

పుప్పాలగూడ ప్లాటు
నెయిల్స్ డ్రాయింగ్ చూపియ్యమంటే కాంట్రాక్టర్ ఫోన్ పెట్టేసిండు. జేసీబీ ఆపిన. సాయంత్రం పక్కింటి అంకుల్‌తోని మాట్లాడిన, ఇంటి కిందికి చువ్వలు వద్దు బిడ్డా అన్నడు, వాళ్ల సంపు మాత్రం సరిగ్గ మా హద్దు మీదనే ఉందంట. రేపు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని తీస్కపోయి చూపిస్త.