ల్యూక్ కీక్లీ 28 ఏళ్లకే ఆట ఎందుకు మానుకున్నారు?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
అమెరికా బృందంతో రాత్రివేళ పనిచేసే మా కార్యాలయంలో అక్కడి ఫుట్‌బాల్ గురించి తరచు మాట్లాడుకుంటాము. కరోలినా పాంథర్స్ జట్టు లైన్‌బ్యాకర్ కీక్లీ అంత చిన్న వయసులో విరమించడానికి కారణమేమిటో, అసలు ఆ స్థానంలోని ఆటగాడి పని ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు 1:
లైన్‌బ్యాకర్ రక్షణ దళపు ముందు వరుసకు వెనుక నిలబడి, బంతితో దూసుకువచ్చేవారిని పడగొడతాడు, అవసరమైతే వెనక్కి తగ్గి పాసులనూ అడ్డుకుంటాడు. ప్రత్యర్థులు నిలబడిన తీరును బట్టి వారి ఎత్తుగడను ముందే పసిగట్టి సహచరులను హెచ్చరించడంలో కీక్లీకి సాటి రాగలవారు, నా దృష్టిలో, చాలా అరుదు. బాస్టన్ కాలేజీ నుండి 2012 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) 9వ ఎంపికగా వచ్చిన ఆయన, మరుసటి ఏడాదికే ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్)లో ఉత్తమ రక్షణ ఆటగాడయ్యారు.

జవాబు 2:
విరమణకు నేపథ్యం తల గాయాలే అని చెప్పాలి. 2015 నుండి 2017 వరకు ప్రతి సీజన్‌లోనూ కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) వల్ల ఆటకు దూరమయ్యారు. 2016 నవంబరులో సెయింట్స్ జట్టుతో ఆడుతూ గాయపడి, కన్నీళ్లతో బండిలో మైదానం వీడారు. ఆడాలన్న కోరిక మిగిలే ఉన్నా అది సరైన నిర్ణయం కాదంటూ 2020 జనవరిలో వైదొలిగారు.

జవాబు 3:
అదే ఏడాది ఆయన పాంథర్స్‌కే స్కౌట్‌గా (ఆటగాళ్లను పరిశీలించి అంచనా వేసే వ్యక్తిగా) కొంతకాలం పనిచేశారు.