జాగ్వార్ ఈ-టైపా, పోర్షా 911ఆ?

గేర్‌రాడ్డు: 60ల నాటి స్పోర్ట్స్ కార్లలో ఈ-టైప్‌ని కాదని 911ని ఎలా ఎంచుకుంటారో నాకర్థం కాదు. 1961 మార్చిలో జెనీవా కార్ల ప్రదర్శనలో చూపించేనాటికే 3.8 లీటర్ల ఇంజన్, 265 హార్స్‌పవర్. రెండేళ్ళ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌కొచ్చిన 911కి రెండు లీటర్లు, 130. సగం కూడా లేదు!

పాతఇనుము: అన్నా, మీ 3.8కి ఉన్నవి నాలుగు గేర్లు, అందులో ఫస్ట్‌కి సింక్రో (గేరు పళ్ళు రాసుకోకుండా వేగాలు కలిపే ఏర్పాటు) లేదు. కదులుతున్న బండిలో ఫస్ట్ వేస్తే గరగర. 911కి అప్పటికే ఐదు గేర్లు.

గేర్‌రాడ్డు: 1964లో 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు ఆ గేర్‌బాక్సూ మార్చారుగా. మరి మీ ఇంజన్ సంగతో? వెనక చక్రాలకు అవతల వేలాడుతోంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలితే తోక ముందుకొచ్చేస్తుంది. దానికి మందుగా ముందు బంపర్ లోపల ఇనప దిమ్మలు పెట్టారు. కావడికి ఓ పక్క కుండ పెట్టి, రెండో పక్క రాయి కట్టినట్టు!

పాతఇనుము: ఆ మాట ఒప్పుకుంటా. కానీ అక్కడితో వదిలెయ్యలేదు కదా. 1969 మోడల్‌కి వెనక చక్రాలు జరిపి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 57 మిల్లీమీటర్లు పెంచారు. తప్పుని దిద్దుకుంటూ దిద్దుకుంటూ ఇప్పటికీ అదే పేరుతో బండి అమ్ముతున్నారు. (ఆ పేరు కూడా ముందు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావీ అని ఫ్రెంచి కార్ల కంపెనీ పెజో అంటే మార్చారు.) ఈ-టైప్‌కి 1971లో పన్నెండు సిలిండర్లు తగిలించారు, ఒళ్ళు పెరిగింది, మూడు నాలుగేళ్ళలో కథ ముగిసింది.

కవెంట్రీ_బాబాయ్: ఇక్కడ ఇంగ్లండ్‌లో పాత బళ్ళ షెడ్డులో పనిచేస్తా కాబట్టి ఓ మాట. ఈ-టైప్ వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గరుండవు, లోపల డిఫరెన్షియల్‌కి (రెండు వెనక చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టెకి) ఆనుకుని ఉంటాయి. డిస్కులు మార్చాలంటే వెనక ఫ్రేమంతా కిందికి దించాలి. ఓ శనివారం పొద్దున "డిస్కులేగా" అని మొదలుపెట్టా, ఆదివారం రాత్రి అన్నం కూడా షెడ్డులోనే. కానీ ఆ బానెట్ ఉంది చూశారూ, మడ్‌గార్డులతో సహా బండి ముక్కంతా ముందుకి ఒరిగిపోతుంది. ఇంజన్ బల్ల మీద పెట్టినట్టు కనిపిస్తుంది. పక్క షెడ్డువాళ్ళు టీ కప్పులతో వచ్చి నిలబడిపోతారు. 911 మూత తీస్తే కనిపించేది ఓ ఫ్యాను.

పాతఇనుము: సరే బాబాయ్, రేపు స్కాట్‌లాండ్ దాకా వెళ్ళి రావాలంటే తాళం దేనిది తీస్తారు?

కవెంట్రీ_బాబాయ్: 911ది. మా గేర్‌రాడ్డుకి చెప్పకు.