‘కబ్జా’ కాదు, మరి ఏమనాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో నాంత్ నగరం దగ్గర నోత్ర్ దామ్ దె లాంద్ పోరాటం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. విమానాశ్రయం వద్దని జనం ఆ భూమిలోకి వచ్చి ఉండిపోయారు, అనే చోట ఆగిపోయాను. ‘ఆక్రమించారు’ అంటే తహసీల్దారు నోటీసులా ఉంది. ‘కబ్జా చేశారు’ అంటే రియల్ ఎస్టేట్ గూండాలే కళ్లముందు మెదులుతున్నారు. పైగా ‘జాద్’ అనే మాట ఒకటి. దాన్నేం చేయాలి?

జవాబు: కబ్జా పాపం మొదట్లో అంత చెడ్డది కాదండీ. తెలంగాణ పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు ఒక గడి, కబ్జాదారు ఇంకో గడి. కాగితం ఎవరి పేరున ఉన్నా పొలం ఎవరి చేతిలో ఉందో చెప్పే మాట, అంతే. మా తాత ‘కబ్జా మనదే, పట్టాయే కాలేదు’ అనేవాడు, దర్జాగా. చెరువులు మాయమయ్యే రోజులొచ్చాక ఆ మాట దొంగల పాలైంది. ఇక వెనక్కి తేలేం.

జాద్ కథ దీనికి తలకిందులు. అది 1974లో సర్కారు ఆ పొలాలకు పెట్టిన పేరు: ‘జోన్ దామెనాజ్‌మా దిఫెరే’, అంటే తర్వాతెప్పుడో అభివృద్ధి చేయబోయే ప్రాంతం. అలాంటి చోట ఎవరైనా భూమి అమ్మితే కొనే మొదటి హక్కు సర్కారుదే. జనం ఆ అక్షరాల్ని చెరపలేదు, విప్పి చెప్పడం మార్చారు: ‘జోన్ ఆ దెఫాంద్ర్’, కాపాడుకోవాల్సిన నేల. 2009 నుంచి అక్కడే కాపురాలు పెట్టారు. సభల్లో కూర్చుని నిర్ణయాలు. వారానికోసారి సంత, అందులో రొట్టెకీ కూరగాయలకీ ధర ఉండేది కాదు, తోచినంత ఇవ్వడమే. 2012 అక్టోబరులో ‘ఆపరేషన్ సీజర్’ అని పోలీసులొచ్చి ఇళ్లు కూల్చారు. నవంబరు 17న వేలమంది చెక్కలు, సుత్తులు పట్టుకొచ్చి మళ్లీ కట్టారు. 2018 జనవరిలో విమానాశ్రయం రద్దయింది. అయినా అక్కడున్నవాళ్లను ఖాళీ చేయించడానికి ఏప్రిల్‌లో దాదాపు 2,500 మంది జెండార్మ్‌లు (ఫ్రాన్స్ సాయుధ పోలీసులు) దిగారు, బాష్పవాయువుతో, గ్రెనేడ్లతో. జాద్‌లో ఉండి పోరాడేవాళ్లను పిలిచే ‘జాదిస్ట్’ అనే మాట మాత్రం అప్పటికే పెతి రొబేర్ అనే ఫ్రెంచి నిఘంటువుకెక్కి కూర్చుంది.

అందుకే రెండు అర్థాలూ ఒకసారి చెప్పేసి జాద్‌ని జాద్‌గానే ఉంచండి. సెజ్ అనే మాటనే మింగినవాళ్లం, మనకిదో లెక్కా!

ఇంకొకరు: అసలు అడిగింది క్రియ గురించి కదా సార్, దాన్ని వదిలేశారు. మా ఖమ్మం వైపు భూపోరాటంలో ‘ఆక్రమించాం’ అన్నవాళ్లు నాకు తగల్లేదు. ‘జెండాలు పాతాం’, ‘గుడిసెలేశాం’ అంటారు. 2007లో ముదిగొండ పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయింది ఆ పోరాటంలోనే.

మొదట అడిగినవారు: ‘గుడిసెలు వేసుకున్నారు’ సరిగ్గా కుదిరిందండీ. వ్యాసంలో ఇంకో చోటుంది. 2016 అక్టోబరులో వేలమంది చేతికర్రలతో అక్కడికి నడిచొచ్చి, వాటిని నేలలో గుచ్చి వెళ్లిపోయారు, పోలీసులొస్తే తిరిగొచ్చి తీసుకుంటామని. ఇందాకటిదాకా ‘నాటారు’ అని రాసుకున్నా. ‘పాతారు’ అని మారుస్తున్నా.