అడవిలో పుట్టి మా ఇంటికొచ్చి తైతక్కలాడేది కవ్వమా, కోతా? మీరే తేల్చండి

మజ్జిగ_మామ:
అన్నలూ అక్కలూ, ఒక పంచాయితీ తీర్చాలి. వేసవి సెలవలకి అమ్మ వాళ్ళింటికెళ్ళాం. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, పిల్లలు ఐదుగురు డాబా మీద చాపలేసుకుని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటుంటే సరే అని పొడుపు కథలు మొదలెట్టా. విప్పినవాళ్ళకి రేపు పుల్ల ఐసు అని పందెం కూడా పెట్టా, అదే నేను చేసిన తప్పు. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే మా అక్క కూతురు టక్కున కంటిరెప్పలు అనేసింది. దానికో ఐసు. తర్వాత "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అన్నా. మావాడికి తొమ్మిదేళ్ళు. ఒక్క సెకను కూడా ఆలోచించకుండా "కోతి!" అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు. కాదురా, కవ్వం అన్నా. కవ్వం అంటే ఏంటి అన్నాడు. మా అమ్మ కొవ్వొత్తి పట్టుకుని కిందకెళ్ళి వంటింట్లోంచి కవ్వం తెచ్చిచ్చింది, స్టీలుది. వాడు దాన్ని అటూఇటూ తిప్పి చూసి "ఇది అడవిలో ఎలా పుట్టింది నాన్నా, దీనికి స్టిక్కరుంది" అన్నాడు. పైగా ఆరోజు మధ్యాహ్నమే అదే డాబా మీదకి కోతులొచ్చి అమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు ఎత్తుకుపోయాయి, వడియాల గుడ్డ చిరిగి ఇంకా తీగ మీదే వేలాడుతోంది. వాడు ఆ గుడ్డని సాక్ష్యం చూపిస్తున్నాడు!

నేను ఐసు ఇవ్వనన్నా. వాడు అలిగి అన్నం మానేశాడు. మా అమ్మా, మా ఆవిడా వాడి పార్టీ. మా నాన్నొక్కడే నా వైపు, ఆయన కూడా సగం నిద్రలో ఉన్నాడు. చెప్పండి, పొడుపు కథకి జవాబు ఒక్కటే ఉండాలా, అతికితే ఏదైనా చెల్లుతుందా?

గోదారి_గట్టు:
ఆయ్, మీరే రైటండి మామగారూ. ఐసు ఇవ్వకండి. ఈరోజు కోతికిస్తే రేపు ఏనుగుకి కూడా ఇవ్వాలి.

మా నాయనమ్మ మజ్జిగ చిలకడం చూశానండి నేను. వంటింటి మూల ఒక గుంజ, దానికి కవ్వాన్ని కట్టి, కింద చల్లకుండ పెట్టి, కవ్వానికి చుట్టిన తాడు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఒకటి లాగితే ఒకటి వదలడం. కవ్వం ఇటు సగం చుట్టు తిరుగుద్ది, అటు సగం చుట్టు తిరుగుద్ది. పూర్తిగా ఒకవైపే తిరగదు, మిక్సీలాగ కాదండి. అటు విసురు, ఇటు విసురు, సర్రు సర్రుమని. ఈ పొడుపు కథలోకి తైతక్క అనే మాట అక్కడి నుంచి వచ్చిందండి బాబూ, ఆ మాట పెట్టినోడు దాన్ని చూసి పెట్టాడు. కోతి తైతక్కలాడదు, గంతులేస్తుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

వెటకారం_బావ:
కోతి జవాబు చెల్లదు, కారణం వేరు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది" అని క్లియర్‌గా ఉంది కదా. మా కాలనీ కోతులు పుట్టింది వాటర్ ట్యాంకు మీద, పెరిగింది గుడి ప్రసాదాల మీద, అడవి మొహం ఎరగవు. ఆధార్ కార్డొక్కటే తక్కువ వాటికి.

హన్మకొండ_పిల్ల:
గట్లయితే స్టీలు కవ్వం గూడ ఫ్యాక్టరీల పుట్టింది గద అన్నా, అది మాత్రం ఎట్ల చెల్లుతది? కోతికి ఒక రూలు, కవ్వానికి ఇంకో రూలా? పోరగాడు స్టిక్కర్ చూపెట్టిండు, అంతకన్న పక్కా సాక్ష్యం ఏముంటది.

ఇంకొకటి చెప్తా. చిన్నప్పుడు బస్సుల పోతుంటే "కాని" ఆట ఆడుకునేటోళ్ళం. కారం కాని కారం ఏంది అంటే ఒకరు మమకారం, ఒకరు నమస్కారం, ఒకరు గుణకారం, మా తమ్ముడేమో అహంకారం అని నన్ను చూపెట్టేటోడు. రాయి కాని రాయి అంటే పావురాయి, కిరాయి, వెనక సీట్ల కూసున్న తాత సారాయి అన్నడు, బస్సు బస్సంత నవ్విండ్రు. ఎవరన్న ఒక్కటే జవాబు అని కొట్లాడినరా? గుంటూరు తప్ప టూరు కాని టూరు నాకు ఇంకోటి దొరకలే, అది వేరే ముచ్చట. అతికితే అయిపోయింది. ఐసు ఇయ్యుండ్రి.

గోదారి_గట్టు:
అమ్మాయ్, అది మాటల గారడీ. చివర రెండక్షరాలు కలిస్తే చాలు, అందుకే పది జవాబులొస్తాయి. దాన్నీ పొడుపు కథనీ ఒకే గాటన కట్టొద్దు. ఒకటి కుళ్ళు జోకు, ఇంకోటి పెద్దల ఆస్తి.

హన్మకొండ_పిల్ల:
పెద్దల ఆస్తి అయితే పెద్దలే పంచుకోండ్రి మరి, తొమ్మిదేళ్ళ పోరగాన్ని ఎందుకు అడుగుతున్నరు 😄

పద్యాల_పిచ్చి:
ఇద్దరూ కాస్త ఆగండి. గట్టు గారూ, కుళ్ళు జోకుని అంత చులకన చేయకండి, మన అష్టావధానంలో దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఇచ్చే మహాపండితుల పక్కనే అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు, ఆయన డ్యూటీయే పనికిమాలిన ప్రశ్నలేసి అవధానిని దారి తప్పించడం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిన విద్య ఇది, అందులోనే ఈ తుంటరితనానికీ చోటుంది.

ఉదాహరణకి ఇలా నడుస్తుందనుకోండి, నేనే అల్లాను, తిట్టకండి. పృచ్ఛకుడు: "అయ్యా, మీ పద్యానికి నాలుగు పాదాలున్నాయి కదా, చెప్పులెక్కడ విడిచింది?" అవధాని: "అవి మీ దగ్గరే ఉన్నట్టున్నాయి, ఇందాకట్నుంచీ చెప్పు చెప్పు అంటున్నారు." అంతే. ఈ ప్రశ్నకి ముందే రాసిపెట్టిన జవాబంటూ ఉండదు, సభ నవ్విందా లేదా అదే మార్కు. ఆ లెక్కన కోతి పాసు, ఎందుకంటే డాబా అంతా నవ్వింది.

కానీ అసలు దోషం పిల్లాడిదీ కాదు, మామ గారిదీ కాదు. ఆ పొడుపు కథే వదులుగా ఉంది. ఇది చూడండి: "అడవిలో పుట్టింది, మేదరింట్లో మెలిగింది, ఒళ్ళంతా గాయాలు, కడుపు నిండా గేయాలు." మురళి తప్ప ఇంకేదైనా పట్టించండి చూద్దాం. మేదరిల్లు అనగానే వెదురు, గాయాలంటే బెజ్జాలు, గేయాలంటే పాట. మూడు తాళాలు, ఒకటే తాళంచెవి. బొగ్గుది ఇంకా గట్టిది, "అడవిని పుట్టాను నల్లగ మారాను, ఇంటికి వచ్చాను ఎర్రగ మారాను, కుప్పలో పడ్డాను తెల్లగ మారాను." ఏ కోతైనా మూడు రంగులు మారుతుందా? కవ్వానికేమో అడవి, ఇల్లు, డాన్సు, అంతే గుర్తులు. దానికి కోతి వచ్చి కూర్చుందంటే తలుపు తీసిపెట్టింది మనమే.

వెటకారం_బావ:
మూడు రంగులు మారేది మా మేనేజరు. ఇంక్రిమెంట్ అడిగితే నలుపు, లీవు అడిగితే ఎరుపు, పై ఆఫీసరు వస్తే తెలుపు. కుప్పలో పడ్డం ఒక్కటే బాకీ.

కడప_కారం:
యక్షుడు అడిగిన ప్రశ్నలకి నీళ్ళ దగ్గర నలుగురు అన్నదమ్ములు వరసబెట్టి పడిపోయినారు సామీ, ధర్మరాజు వచ్చి చెప్పేదాకా లేచిందే లేదు. గాలికంటే వేగంగా పోయేదేది అంటే మనసు అన్నాడాయన. ఆయప్పకి పక్కన మావోడు కూర్చోనుంటే బుల్లెట్టు బండి అనుండు. మీవాడికి పోయింది ఐసు ఒగటే, సంతోషించండి.

నా ఓటు మాత్రం అబ్బోడికే. యాలంటే నవ్వించినాడు. నవ్వురాని కరెక్టు జవాబు ఎవురికి కావాల.

న్యూజెర్సీ_అత్త:
నేను ఆదివారాలు ఇక్కడ మన పిల్లలకి తెలుగు చెప్తుంటాను, ఈ గొడవ నాకు వారం వారం ఉన్నదే. "తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" అన్నాను. ఒక బుడ్డోడు విమానం అన్నాడు. పక్కపిల్ల వెంటనే "నో, విమానానికి తోకుంది, రాకెట్" అంది. ఇంకొకడు వాట్సాప్ మెసేజ్ అన్నాడు. నేను ఉత్తరం అంటే పదకొండు మంది మొహాలూ ఖాళీ! ఉత్తరం అంటే నార్త్ కదా ఆంటీ అన్నారు. ఇక ఉత్తరమంటే కాగితం, కవరు, స్టాంపు, పోస్ట్‌మాన్ అని పావుగంట చెప్పాను, చెప్పడం అయ్యాక ఒకడు మర్యాదకి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది, అర్థం చెప్పించుకుని నవ్వే నవ్వుంది చూశారూ, పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ కోసం నవ్వినట్టుంటుంది.

అందుకని ఇప్పుడు నా పద్ధతి మార్చాను. ముందు వస్తువు చూపిస్తాను, రెండు వారాలాగి పొడుపు కథ వేస్తాను. దానిమ్మపండు కోసి పెట్టి గింజలు తినిపించి ఇంటికి పంపేశాను, తర్వాతెప్పుడో "గది నిండా రత్నాలు, గదికి తాళం" అంటే క్లాసంతా ఒక్కసారే అరిచింది. కవ్వానికి కూడా ఇండియా నుంచి కర్రది తెప్పించాను, సూట్‌కేసులో చూసి ఎయిర్‌పోర్ట్‌లో ఇదేంటని అడిగితే మా అన్నయ్య డాన్సర్ అని చెప్పాడట 😂

మామ గారూ, వాట్సాప్ మెసేజ్ అన్నవాడికి నేను మార్కు వేశాను. తోక లేదు, దూరం పోతుంది, ఇంకేం కావాలి?

గోదారి_గట్టు:
మెసేజీ పిట్టలాగ ఎగురుద్దా అండి? ఉత్తరానికి రెక్కల్లాగ మడతలుంటాయి. 2013లో టెలిగ్రాం ఆపేశారు, ఉత్తరాలు రాసేవాళ్ళు ఎలాగూ లేరు, ఇప్పుడు పొడుపు కథలోంచి కూడా తీసేస్తే ఇంక ఆ మాట ఎక్కడ వినబడుద్ది? మా నాయనమ్మ పోయి ఇరవయ్యేళ్ళయ్యింది, ఆ కుండా లేదు, గుంజ ఉన్న చోట ఫ్రిజ్ పెట్టారు. నాకు మిగిలింది ఆ నాలుగు ముక్కలేనండి. అందులో కూడా కోతిని ఎక్కిస్తానంటే కోపం రాదా మరి.

హన్మకొండ_పిల్ల:
అయ్యో గట్టన్నా, గిట్ల చెప్తే నేనేం మాట్లాడాలె. కవ్వం తీసెయ్యమంటలేనే. మీరు గిప్పుడు పైన చెప్పినరు చూడు, తాడు ఒక దిక్కు గుంజుడు ఒక దిక్కు ఇడుసుడు, ఇటు సగం అటు సగం, నాకు గది ఇయ్యాల్నే తెల్సింది. నేను గూడ ఇన్ని రోజులు జవాబు బట్టీ కొట్టి కవ్వం అన్న గనీ, తైతక్క ఎందుకన్నరో తెల్వది. గా పోరగానికి స్టీలుది ఇచ్చుడు కాదు, గీ ముచ్చట చెప్పాలె. కానీ ఐసు మాత్రం ఇయ్యాలె!

వెటకారం_బావ:
మెజారిటీ కోతి వైపే. మామా, లెక్క: కోతి 4, కవ్వం 1 (మీ నాన్న నిద్ర ఓటు చెల్లదు), నేను తటస్థం, ఎందుకంటే మా వడియాలు కూడా పోయాయి.

మజ్జిగ_మామ:
అప్డేట్. ఐసు ఇచ్చేశాను, ద్రాక్షది అడిగి మరీ కొనిపించుకున్నాడు. గట్టు గారు రాసింది మా అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ లేచి అటక మీంచి పాత కర్ర కవ్వం దింపింది, ఇంట్లో ఉందని నాకే తెలీదు. పువ్వులాంటి తల, ఒక రెక్క విరిగింది. గుంజ లేదు కాబట్టి పైకొసని నేను పట్టుకున్నా, మా అమ్మ చీర అంచు చింపి తాడు చేసింది, బకెట్లో నీళ్ళు పోసి మావాడు లాగాడు. కవ్వం అటు విసిరి ఇటు విసిరి వాడి చొక్కా, నా పంచె, గోడ, అన్నీ తడిపేసింది. వాడు నవ్వుతూ "ఇది కోతికంటే ఎక్కువ చేస్తోంది నాన్నా" అన్నాడు. గట్టు గారూ, అది మీ ఖాతాలో వేసుకోండి.

ఇక అసలు సంగతి. రాత్రి మావాడే ఒక కొత్త పొడుపు కథ కట్టాడు, "పగలంతా వాగుతుంది, రాత్రంతా గోడ పాలు తాగుతుంది" అని. మీరు విప్పేసి ఉంటారు, సెల్‌ఫోను. కానీ మా అమ్మ తడుముకోకుండా "బల్లి" అంది. వాగుతుంది, గోడనే ఉంటుంది, అతికింది కదా! నేను చప్పట్లు కొట్టబోతుంటే మావాడు లేచి నిలబడి "కాదు! జవాబు ఒక్కటే ఉంటుంది! ఓడిపోయానని ఒప్పుకో నానమ్మా" అంటున్నాడు. అరగంట నుంచి ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు.

గోదారి_గట్టు:
ఆయ్, ఆ కుర్రాణ్ణి మా జట్టులో రాసేసుకోండి.

హన్మకొండ_పిల్ల:
బల్లి కరెక్టే. నానమ్మకి ఐసు ఇయ్యుండ్రి.