పిసిస్ట్రాటస్ మూడోసారి గద్దె ఎలా నిలబెట్టుకున్నాడు?

పర్లాకిమిడి నుంచి: పిల్లలకు ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ నియంత పిసిస్ట్రాటస్ పాఠం చెప్పాలి. రెండుసార్లు పోయిన అధికారం మూడోసారి ఎందుకు నిలిచింది?

రాయగడ నుంచి: క్రీ.పూ. 561 ప్రాంతంలో తనకూ కంచరగాడిదలకూ తానే గాయాలు చేసి, బండి తోలుకుని నగరం నడిబొడ్డుకొచ్చాడు. శత్రువులు కొట్టారన్నాడు. సభ దుడ్డుకర్రల కాపలా ఇచ్చింది, వాళ్లతోనే నగరపు కొండకోట అక్రోపోలిస్ పట్టాడు. సొంత సైన్యం లేదు. ప్రత్యర్థులు ఏకం కాగానే తరిమేశారు.

బరంపురం నుంచి: రెండోసారి, ఆ ప్రత్యర్థుల్లో ఒకడైన మెగాక్లిస్ పొత్తుతో గద్దెకెక్కాడు; అతని కూతురితో పెళ్లి విషయంలోనే ఆ పొత్తు చెడి అధికారం పోయింది. తర్వాత ఉత్తరాన పాంగయాన్ కొండ గనుల సీమలో సొమ్ము కూడబెట్టి, కిరాయి సైనికులతో 546లో ఏథెన్స్ దగ్గరి పల్లీనీ వద్ద గెలిచాడు. ఎదుటివాళ్లు భోంచేసి కొందరు పాచికలాడుతూ, కొందరు కునుకుతీస్తూ ఉండగా మీదపడ్డాడు.

రాయగడ నుంచి: అన్నా, పన్ను సంగతి కూడా చెప్పండి, అసలు బలం అక్కడే. పంటలో పదోవంతు మించలేదు. పేద రైతుకు అప్పిచ్చాడు, ఊళ్లకే న్యాయమూర్తులను పంపాడు. తగాదాల కోసం రైతు పొలం వదిలి నగరానికి రావాల్సిన పని లేదు. 527లో గద్దె మీద ఉండగానే చనిపోయాడు.