నోస్ వీల్ (ముక్కు కింది చక్రం) నేలకి తగలగానే విమానం పక్కకి లాగేస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం మీద నడపడం నేర్చుకుంటున్నాను, ఇప్పటికి 22 గంటలయ్యాయి. నిన్న రన్‌వే 17లో (అంటే 170 డిగ్రీల దిశలో) దిగుతుంటే గాలి 210 డిగ్రీల నుంచి, అంటే కుడి ముందు నుంచి, 12 నాట్లు. మెయిన్ వీల్స్ (రెక్కల కింది రెండు చక్రాలు) మెత్తగానే ఆనాయి. నోస్ వీల్ తగిలిందో లేదో, విమానం ఎడమకి లాగింది. కంగారులో కుడి పెడల్ గట్టిగా తొక్కాను. ఈసారి కుడి అంచుకి దూసుకుపోయింది! ఇన్‌స్ట్రక్టర్ అందుకోకపోతే గడ్డిలోకి పోయేవాళ్ళం. గాలి తగ్గేదాకా సోలో (ఒక్కడినే నడపడం) వాయిదా వేసుకోనా?

జవాబు 1:
గాలిని తిట్టకండి తమ్ముడూ. రన్‌వేకీ గాలికీ మధ్య కోణం 40 డిగ్రీలు, అంటే అడ్డగాలి 8 నాట్లు కూడా లేదు. 172 మాన్యువల్లో 15 నాట్ల దాకా దిగి చూపించినట్టు ఉంటుంది.

అసలు సంగతి మీ ప్రశ్నలోనే ఉంది. కుడి నుంచి వీచే గాలి తోకని తోసి ముక్కుని కుడికే తిప్పుతుంది. మీది మొదట ఎడమకి పోయింది. అది మీ ఎడమ కాలి పని! దిగేటప్పుడు కుడి రెక్క దించి, ముక్కు తిన్నగా ఉండాలని ఎడమ పెడల్ (తోక మీది చుక్కానిని తిప్పేది) నొక్కి ఉంచుతాం కదా. ఆ పెడల్సే నేల మీద నోస్ వీల్‌ని కూడా తిప్పుతాయి. నొక్కిన పెడల్ నొక్కినట్టే ఉండగా ముక్కు దించితే, చక్రం ఎడమకి తిరిగే ఆనుతుంది.

మెయిన్ వీల్స్ ఆనాక యోక్ (చేతిలోని స్టీరింగ్) వెనక్కే పట్టుకోండి, ముక్కుని దబ్బున పడనివ్వొద్దు. అది ఆనే క్షణానికి పెడల్స్ మధ్యకి తెచ్చేయండి. ఆ తర్వాత చిన్న చిన్న నొక్కులే. చూపు రన్‌వే చివర ఉండాలి. ముక్కు ముందే చూస్తుంటే, పక్కకి పోతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

జవాబు 2:
పై గారు చెప్పింది నిజమే. ఇంకొకటి: నేలకి ఆనగానే ఐలరాన్ (యోక్ తిప్పితే కదిలే, రెక్కని గాలి వైపు దించి ఉంచే పలక) వదిలేశారా? చాలామంది అక్కడితో పనైపోయిందనుకుంటారు. వేగం తగ్గేకొద్దీ ఐలరాన్ పట్టు కూడా తగ్గుతుంది, కాబట్టి యోక్‌ని కుడికి ఇంకా ఇంకా తిప్పుతూ పోవాలి. కుడికి దూసుకుపోవడం మాత్రం బ్రేకేమో అని నా అనుమానం. మడమలు ఎక్కడ పెడతారు? (తోక చక్రం విమానాల్లో అయితే ఈపాటికి గిర్రున తిరిగి వెనక్కి చూసేవారు.)

అడిగినవారు:
అన్నా, మీ అనుమానం నిజమే. పొద్దున హ్యాంగర్‌కి వెళ్ళి చూస్తే కుడి టైరు మీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా అరిగిపోయింది. నేను పాదం మొత్తం పెడల్ మీద వేసి కూర్చుంటున్నా, వేళ్ళు పై భాగం మీద పడి బ్రేక్ పట్టేస్తోంది. సీటు ఒక గాడి వెనక్కి జరిపి, మడమలు నేలకి ఆనించి, ఇన్‌స్ట్రక్టర్‌తో ఆరు ల్యాండింగ్స్ చేశాను. ఐదు సెంటర్ లైన్ మీదే. ఒకదాంట్లో మళ్ళీ ఎడమ పెడల్ వదలడం మర్చిపోయా, కాస్త లాగింది, ఈసారి తొక్కకుండా వదిలితే అదే సర్దుకుంది. ఐలరాన్ కూడా వదిలేస్తున్న మాట నిజమే, రేపు దాని మీద పడతా.