ఎంజైమ్ ‘వైరింగ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయ రసాయనాచార్యుడు ఇతమార్ విల్నర్ ఎంజైమ్‌లను ఎలక్ట్రోడ్‌కు కలిపి కరెంటు రాబట్టే పరిశోధనల్లో ‘వైరింగ్’, ‘రీకాన్‌స్టిట్యూషన్’ పదేపదే వస్తాయి. ‘విద్యుదనుసంధానం’, ‘పునర్నిర్మాణం’ సరిపోతాయా?

జవాబు: మొదటిది తప్పు కాదు గానీ, అసలు చిక్కును దాచేస్తుంది. గ్లూకోజ్‌ను ఆక్సీకరించే ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్‌లో ఎలక్ట్రాన్లు అందుకునేది ఎఫ్ఏడీ అనే చిన్న అణువు, అది ప్రోటీన్ లోలోపల ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ దాటే వేగం ఘాతీయంగా పడిపోతుంది. అందుకే ఎంజైమ్‌ను ఊరికే ఎలక్ట్రోడ్‌కు అతికిస్తే కరెంటు దాదాపు రాదు. లోపలికంటా ఏదో పాకాలి. ‘తీగ పాకించడం’ అనండి. లోహపుదీ తీగే, మొక్కదీ తీగే.

మరొకరు: 2003లో ఆ బృందం వాడింది 1.4 నానోమీటర్ల బంగారు కణమండీ. ఉండలాంటిదాన్ని తీగ అంటే ఎలా?

జవాబు: ఆకారం కాదు, పని చూడండి. ఆ ఉండ మీదుగా సెకనుకు దాదాపు 5000 ఎలక్ట్రాన్ మార్పిడులు జరిగాయి. సహజంగా ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందేది సుమారు 700 చొప్పునే. ఇంతకన్నా మంచి తీగ ఏముంది?

ఇక ‘పునర్నిర్మాణం’ వద్దు. ఇల్లు కూల్చి కట్టినట్టుంది. జరిగేది వేరు. 0 డిగ్రీల దగ్గర, 30 శాతం గ్లిసరాల్‌లో, పీహెచ్ 1.7కు దించితే ఎఫ్ఏడీ ఊడుతుంది. అణువులను సైజు బట్టి వేరుచేసే సెఫడెక్స్ జెల్ గొట్టం గుండా పంపి దాన్ని వేరుచేస్తారు, ఇంకా మిగిలిన ఎఫ్ఏడీని బొగ్గుపొడి పీల్చుకుంటుంది, తర్వాత పీహెచ్ 7కు తెస్తారు. అవతల బంగారు ఎలక్ట్రోడ్ మీద సిస్టమైన్ అనే అణువుల పొర, దానికి ఎలక్ట్రాన్లు చేరవేసే పీక్యూక్యూ అనే అణువు, దాని చివర అమైన్ తోక తగిలించిన ఎఫ్ఏడీ. ఖాళీ ప్రోటీన్ వచ్చి ఆ ఎఫ్ఏడీ మీద కూర్చుంటుంది. ఇది 1996 నాటి పద్ధతి. నేనైతే, నగలో రాయిని పొదిగినట్టు, ‘పొదగడం’ అంటాను. కాకపోతే ఇక్కడ రాయి ముందే బిగించి ఉంటుంది, గూడే దాని దగ్గరికొస్తుంది.

మరొకరు: పొదగడమంటే గుడ్లు గుర్తొస్తాయేమో!

జవాబు: పక్కన ఎలక్ట్రోడ్ ఉండగా రావు లెండి. ఈ మాటలో ఇంకో సుగుణముంది, రాయి ఒక్క గూటిలోనే, ఒక్క తీరుగానే కూర్చుంటుంది. ఎంజైమ్‌ను దాని పైభాగంలోని లైసీన్లనే అమైనో ఆమ్లాల ద్వారా అతికిస్తే ఒక్కో అణువు ఒక్కో వైపు తిరుగుతుంది, ఎఫ్ఏడీ కొన్నిట్లో దూరం, కొన్నిట్లో మరీ దూరం. బొగ్గుపొడి దశలో అజాగ్రత్త చేసినా నష్టమే. పాత ఎఫ్ఏడీ వదలని ఎంజైమ్‌కు గూడు ఖాళీగా ఉండదు. అది పొరకు పైపైన అంటుకుని చోటు తినేస్తుంది, కరెంటు మాత్రం ఇవ్వదు.

ప్రశ్న: మరి ఆ ఖాళీ ‘అపో-ఎంజైమ్’?

జవాబు: బోసి మెడ, బోసి నోరు అంటాం కదా, ‘బోసి ఎంజైమ్’ అనండి. చెడిపోయినదానితో మాత్రం కలపకండి. విడిగా ఎఫ్ఏడీ కలిపి గ్లూకోజ్ ఇస్తే బోసిదానికి చురుకు తిరిగొస్తుంది. ఆమ్లంలో ఎక్కువసేపు నాని మడతలు విప్పుకున్నదానికి రాదు.